బొటనవేలి కింద గాలి

కంబదూరు దారి పక్కన రేకుల షెడ్డు. పొద్దు గుంకుతా ఉండాది. కరెంటు లేదు. పగలంతా తాగిన వేడిని రేకులు మెల్లగా కక్కుతా ఉండాయి. పెట్రోలు వాసనా, వేరుశనగ పొట్టు దుమ్మూ గొంతులో పడుతుండాయి.

షెడ్డులో ఉన్నది సోమప్ప పాత పెట్రోలు జీపు. మెకానిక్ కుళ్ళాయప్ప పొద్దున దాని డిస్ట్రిబ్యూటర్, అదే ప్లగ్గులకు వంతుగా నిప్పు పంచేది, ఊడదీసినాడు. రేపు బిగించొచ్చులే అని, అది యాడికి తిరిగి ఉండాదో గుర్తు కూడా గీసుకోలేదు. ఇంతలో సోమప్ప కోడలు ప్రశాంతికి నొప్పులు మొదలైనాయి. ఊర్లో ఆటోలన్నీ పెళ్లికి పోయినాయి. మిగిలిన బండి ఇదొక్కటే.

వెనక సీట్లో ప్రశాంతి మూలుగుతుంటే అత్త నాగలక్ష్మమ్మ కొంగుతో విసురుతా కూర్చుంది.

"ఏమప్పా, ఇంగెంతసేపు?" అన్నాడు సోమప్ప.

"తొందరపడి బిగిస్తే ఇంజను ఎదురు తంతాదన్నా," అని కుళ్ళాయప్ప పెండ్లాన్ని పిలిచినాడు. "అక్కమ్మా, ఆ మొదటి ప్లగ్గు బొక్కకు బొటనవేలు అడ్డం పెట్టు. నేను హ్యాండిల్ తిప్పుతా. పిస్టన్ ఒకసారి ఉత్తగా పైకొస్తాది, ఇంకోసారి గాలిని నూకుతా వస్తాది. నూకినప్పుడు చెప్పు. అప్పుడే డిస్ట్రిబ్యూటర్లో తిరిగే రోటరు కూర్చోబెట్టాల."

అక్కమ్మ మగోళ్ళ ముందర నోరు తెరిచే మనిషి కాదు. తల వంచుకొని, గ్రీజంటిన బొటనవేలు పెట్టింది.

హ్యాండిల్ తిరిగింది. గాలి నూకలేదు. వేలిని లోపలికి లాగింది... ఆ తర్వాత ఏదో పట్టుకుంది. మెత్తగా. తడిగా. నాలుగు చిన్న వేళ్ళు...

"వచ్చిందా?"

ఏమని చెప్పాల? ఇంజనులో బిడ్డ చెయ్యి ఉండాదనా? సోమప్ప పగలబడి నవ్వడా? సిగ్గేసింది.

"వచ్చింది," అనేసి వేలు లాక్కుంది.

కుళ్ళాయప్ప పుల్లీ మీది గీత చూసి, రోటరు మొదటి ప్లగ్గు దిక్కు పెట్టి బిగించినాడు. ప్లగ్గు పెట్టి సెల్ఫ్ కొట్టినాడు. ఢాం! కార్బొరేటర్లో నుంచి మంట ఎగిరింది. వెనక ప్రశాంతి కెవ్వుమనింది.

కుళ్ళాయప్ప దగ్గరకొచ్చి గుసగుసగా అడిగినాడు. "నిజంగా నూకిందా, మే?"

"లేదు... లోపలికి లాగింది."

"మరి వచ్చిందంటివే!"

"ఆడోళ్ళను నమ్ముకుంటే ఇంతే," అని సోమప్ప ఉమ్మేసినాడు. భూమి చీలితే బాగుండుననిపించింది అక్కమ్మకు. ఆ వేళ్ళ సంగతి మాత్రం మొగునికి కూడా చెప్పలేకపోయింది.

మళ్ళీ మొదటి నుంచి. ప్రశాంతి అరుపులు సన్నబడుతుండాయి... ఈసారి గాలి వేలిని ఎగదన్నింది. ఉత్త గాలి. లోపల ఎవ్వరూ లేరు.

కుళ్ళాయప్ప రోటరు సరిచేసి మళ్ళీ సెల్ఫ్ కొట్టినాడు. జీపు అందుకుంది. కల్యాణదుర్గం ఆస్పత్రి దిక్కు దుమ్ములో కలిసిపోయింది.

తెల్లారినాక నాగలక్ష్మమ్మ ఫోను చేసింది. "మగబిడ్డ, అక్కమ్మా. ఊపిరి ఆడతాంది. కానీ ఇంకా ఏడవలేదు... గుప్పిట విప్పి చూస్తే నల్లగా గ్రీజు. నర్సమ్మ ఎంత కడిగినా పోలేదు. యాడ అంటిందో ఏమో..."

ఫోనులో ఎవరికీ కనపడదని తెలిసి కూడా అక్కమ్మ బొటనవేలు కొంగులో దాచుకుంది. ఫోను పెట్టేసినాక బయటికి తీసి చూసుకుంది.

వేలి చుట్టూ గ్రీజులో నాలుగు సన్నటి చారలు. ఆ చారల కాడ మాత్రం చర్మం తెల్లగా, శుభ్రంగా ఉండాది.

చారలు మెల్లగా బిగుసుకుంటా ఉండాయి...