శుక్రవారం పదిన్నర

"కంప్లైంట్ ఇస్త అంటే ఇస్త. ఇంకెన్నిసార్లు చెప్పాలె?" సుధాకర్ టీ కప్పును బల్ల మీద గట్టిగా పెట్టాడు.

"ఇయ్యిండ్రి. కానీ ఆ పిల్ల తప్పు చేసిందని తెల్సినంక ఇయ్యిండ్రి," అంది అరుణాదేవి వంటింటి గడపలోంచి.

"ఇంక తెల్సేదేంది? సర్వర్ల చెయ్యి పెట్టేది ఆమె ఒక్కతె."

"ఆరేండ్లు సక్కగ పెట్టిన చెయ్యి ఒక్కరోజుల వంకర పోతదా?"

"వదినకు పద్మ మీద ప్రేమ మస్తున్నది లే, అన్నా." శ్రీకాంత్ ఫోనులోంచి తలెత్తలేదు. "పోలీసులు వద్దంట. వికారాబాద్ కెళ్లి డిటెక్టివ్ మేడం వస్తదంట."

"వచ్చాను," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

జ్యోతిరాణి పదిహేనేళ్లు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, వికారాబాద్ స్టేషన్ ఎదుట ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకుంది. వెనకాల దశరథ్ ఉన్నాడు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్, ఇప్పుడు ఆమెకు సహాయకుడు. సర్వీసులో ఎందరికో సెల్యూట్ కొట్టాడు గాని, మనసులో కొట్టేది మాత్రం ఈమెకే.

అరుణాదేవి కుర్చీలు వేసి సంగతి చెప్పింది. తాండూరు నుంచి వికారాబాద్ దాకా నాలుగు వేల ఇళ్లకు ఆమె భర్త సుధాకర్, మరిది శ్రీకాంత్ ఇంటర్నెట్ ఇస్తారు. మనం టైపు చేసే పేరుకు అసలు చిరునామా ఏమిటో వెతికిచ్చే డీఎన్ఎస్ సర్వర్ ఒకటి వాళ్లకు సొంతంగా ఉంది. అది లేవకపోతే లైన్లు బాగున్నా ఏ పేజీ తెరుచుకోదు. తాండూరులోని పాత యంత్రం అరిగిపోవడంతో, అందులోని సమస్తాన్నీ వికారాబాద్ కొత్త ఆఫీసులోని యంత్రానికి మార్చారు. ఆ పని చేసింది బషీరాబాద్‌లోని క్రైస్తవ కుటుంబం అమ్మాయి పద్మారాణి. గురువారం సాయంత్రానికి మార్పిడి అయిపోయింది. పాతదాన్ని విప్పేశారు. శుక్రవారం పద్మ కొత్తదాన్ని ప్రారంభించబోతే అది లేవలేదు.

"వేరే కంపెనీల ఇంటర్వ్యూకు పోయింది. పోయేముందు మనది ఖరాబ్ చేసింది," అన్నాడు శ్రీకాంత్. "నిన్న సాయంత్రం వాళ్లింటికి పోయి కడిగేసి వచ్చిన."

"ఎక్కడ? ఇంట్లోనా?" అని అడిగింది జ్యోతిరాణి.

"వాకిట్ల. నలుగురికి తెల్వాలె కద."

అరుణాదేవి తల దించుకుంది. "వాళ్లమ్మ మొగులమ్మ అప్పటిసంది తలుపు తెరుస్తలేదంట, మేడం. కేసయితే ఆ పిల్లకు ఇంకెవ్వరు పనియ్యరు."

పద్మ చేతిరాతలో ఉన్న పని పట్టికను ఆమె తెచ్చి చూపించింది. చివరి వరుసలో 'శుక్రవారం ఉదయం 10.30, సర్వర్ ప్రారంభం' అని ఉంది. జ్యోతిరాణి చూపు ఆ వరుస మీద చాలాసేపు నిలిచింది.

"కొత్త ఆఫీసు పూజ ఎప్పుడు చేశారు?"

"నిన్ననే. ఏడుంబావుకు. క్యాలెండర్ చూసి నేనే పెట్టిన."

"ఎవరెవరున్నారు?"

"మేం ముగ్గురమే. ఈయన గడపకాడ కొబ్బరికాయ కొట్టిండు. శ్రీకాంత్ మెషీన్లకు బొట్లు పెట్టిండు. నేను హారతిచ్చిన."

"పద్మ?"

"ఆమె పదిన్నరకే వచ్చింది."

"యంత్రం మాస్టర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"మా అన్నదమ్ములిద్దరికే తెలుసు," అన్నాడు సుధాకర్. "పద్మకు ఆమెది వేరే ఉండె. నిన్ననే బంద్ చేసినం."

మధ్యాహ్నానికి అందరూ వికారాబాద్ ఆఫీసు చేరారు. గోడలకు ఇంకా సున్నం వాసన పోలేదు. జ్యోతిరాణి పిలిపించగా పద్మారాణి కూడా వచ్చింది. చేతిసంచీ భుజాన ఉంచుకునే తలుపు పక్కన నిలబడింది.

"గురువారం పోయేముందు ఒక్కసారి లేపి చూశావా?"

"చూసిన మేడం. లేచింది. బంద్ చేసి ఇంటికి పోయిన. పొద్దున లేస్తలేదు. లోపల ఏం రాసుందో చూస్త అంటే శ్రీకాంత్ సార్ కుర్చీల కెళ్లి లెమ్మన్నడు."

"దొరుకుతనని ఆమెకు తెల్సు కద, అన్ని చెరిపేస్తే? ఎట్ల చూడనిస్త?" అన్నాడు శ్రీకాంత్.

జ్యోతిరాణి కీబోర్డు ముందు కూర్చుంది. ఎంటర్ మీట మీద ఎర్రటి మరక. దశరథ్ కూడా వంగి చూశాడు.

"కుంకుమ, మేడం. మెషీనుకు బొట్టు పెట్టేటప్పుడు రాలిందేమో."

"రాలితే చుట్టూ పడాలి, దశరథ్ గారూ. ఇది వేలిముద్ర."

సుధాకర్ మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టి పక్కకు జరిగాడు. యంత్రం తనంతట తాను రాసిపెట్టుకున్న వివరాలను ఆమె పావుగంట సేపు చదివింది. గదిలో ఇంటర్నెట్ రావడం లేదని చేసేవాళ్ల ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. చివరికి కుర్చీ వెనక్కి తిప్పింది.

"నాకు ముందు అనుమానం వచ్చింది ఆ పట్టికను చూశాక. శుక్రవారం పదిన్నర అంటే రాహుకాలం మొదలు. పద్మ క్రైస్తవ కుటుంబం పిల్ల, ఆమెకు ఆ పట్టింపు లేదు. కానీ క్యాలెండర్ చూసి పూజ పెట్టుకున్న ఇంట్లో, కొత్త యంత్రాన్ని ఆ వేళకు మొదటిసారి లేపుతామంటే ఒప్పుకుంటారా? అంతకుముందే ఎవరో లేపి ఉండాలి. లేపారు. గురువారం పద్మ లేపినప్పుడు ఏ ఇబ్బందీ లేదని ఇందులో రాసి ఉంది. శుక్రవారం ఏడూ పన్నెండుకు మళ్లీ లేచింది, మాస్టర్ ఖాతాతో. ఐదు నిమిషాల్లో ఆగింది."

"దాంతో ఏమైతది?" అన్నాడు సుధాకర్.

"సర్వర్ నడవడానికి సొంత ఖాతా ఉంటుంది. దానికి అధికారాలు తక్కువ. మాస్టర్ ఖాతా యజమానిది, దానికి అడ్డు లేదు. మాస్టర్‌తో లేపేసరికి, సర్వర్ రోజూ రాసుకునే ఫైలొకటి మాస్టర్ పేరు మీద తయారైంది. పదిన్నరకు పద్మ పద్ధతి ప్రకారం లేపితే, ఆ ఫైలును ముట్టే హక్కు లేక సర్వర్ ఆగిపోయింది. ఆమె తప్పేమీ లేదు."

"మాస్టర్ నాకు, తమ్మునికే..." సుధాకర్ తమ్ముడి వైపు తిరిగాడు.

"మీరు గడప దగ్గర కొబ్బరికాయతో ఉన్నారు. కుంకుమ వేళ్లు శ్రీకాంత్‌వి."

శ్రీకాంత్ ముఖం ఎర్రబడింది. "నేను కావాలని చేసిన్నా? హారతికి మెషీన్ నడుస్తుండాలె అన్నది వదిననే. పద్మ కోసం ఆగుదమా అంటే, పూజ ఇంటోళ్లతోనే, ఆమె ఎందుకు అన్నది. అడుగుండ్రి!"

అరుణాదేవి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "అన్న. అది పూజల భాగమే అనుకున్న. దానితోనే ఖరాబైతదని తెల్వదు."

"మీకు తెలియదు," అంది జ్యోతిరాణి. "శ్రీకాంత్‌కూ పొద్దున తెలియదు. కానీ నిన్న సాయంత్రం నాలుగింటికి మాస్టర్ ఖాతాతో ఒకరు ఈ ఫైలును తెరిచి, ఎవరి పేరు మీదుందో చూశారు. అప్పటికి సంగతి తెలిసింది. బషీరాబాద్ వాకిట్లో నిలబడింది ఎన్నింటికి?"

శ్రీకాంత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఆరింటికి. మెషీన్ పని నాకు రాదంటరని... భయమైంది."

దశరథ్ టోపీ లేని తలను ఒకసారి సవరించుకున్నాడు. ఇలాంటి వాంగ్మూలానికి స్టేషన్లో రెండు రోజులు పట్టేది.

జ్యోతిరాణి లేచి కుర్చీ చూపించింది. పద్మారాణి సంచీ దించకుండానే కూర్చుని, ఫైలును తిరిగి సర్వర్ పేరు మీదికి మార్చి, ప్రారంభించింది. సర్వర్ లేచింది. కాసేపటికి ఒక ఫోను ఆగింది, తర్వాత ఇంకొకటి.

"సోమవారం కెళ్లి రా, పద్మా," అన్నాడు సుధాకర్ నేలవైపు చూస్తూ. "జరిగిందేదో జరిగింది."

"మా అమ్మ తలుపు తెరుస్తలేదు సార్. పని సంగతి తర్వాత." పద్మ లేచి నిలబడింది. "నేను ట్రైనుకు పోత, మేడం."

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగింది.

"రేపు ఆదివారం," అంది అరుణాదేవి. గొంతు పెంచలేదు. "చర్చి విడిచి ఆ గల్లీ అంత ఇండ్లకు వచ్చే టైముకు మనం ముగ్గురం వాళ్ల వాకిట్ల ఉండాలె. శ్రీకాంత్ ఏం చేసిండో శ్రీకాంత్ చెప్తడు. నేను ఏమన్ననో నేను చెప్త."

"ఫోన్ల చెప్తె సరిపోదా, వదినా?"

"వాకిట్లనే చెప్పాలె," అని అరుణాదేవి భర్త వైపు తిరిగింది. "పొద్దున తొమ్మిదింటికి బయలెల్లుదం. నేను క్యాలెండర్ చూడలె."