మూడో డ్రమ్ము కూడా వెనక్కేనా?

ఫిలిప్ మాస్టారి మీద నిర్మలకి ఉన్న ఫిర్యాదు తాగుడు గురించి కాదు, పేకాట గురించీ కాదు. ఆ రెండూ అయితే చర్చిలో చెప్పి ప్రార్థన చేయించవచ్చు. మాస్టారిది వస్తువులు ఎంచే జబ్బు. దానికి ఏ పాస్టరు గారి దగ్గరా ప్రార్థన లేదు.

కుక్కరు కొనాలంటే ఫోన్లో ఉన్న వీడియోలన్నీ చూసి, విజిల్ ఎలా రావాలో నిర్మలకి పాఠం చెబుతారు. జన్మలో కుక్కరు మూత పెట్టిన మనిషి కాదు. మిక్సీ ఎంచింది ఆయనే, ఇస్త్రీ పెట్టె ఎంచింది ఆయనే. నిర్మల చెప్పులు కూడా సోలు గట్టిగా ఉందని ఆయనే ఎంచారు. కాళ్ళు మాత్రం నిర్మలవి. ఎంచి కొన్నాక లోపం పట్టుకుని వెనక్కి పంపడం రెండో ఘట్టం. "మా పెళ్ళిచూపుల నాటికి ఈ రిటర్న్ సదుపాయం లేదు కాబట్టి బతికిపోయేను" అని ఆవిడ చర్చి స్త్రీల సమాజంలో అంటే, ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక ప్రార్థన పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అందుకే పింకీ డ్రమ్ముల విషయంలో కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

పింకీ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. బీఎస్సీ రెండో సంవత్సరం. చర్చిలో డ్రమ్స్ వాయించే శ్యామ్ బాబు ఖతర్ వెళ్ళిపోయాక ఆ పెద్ద సెట్టు దుప్పటి కప్పుకుని మూల కూర్చుంది. పాస్టరు గారిని అడిగి ఆ దుప్పటి తీసింది పింకీయే. చూసి, విని, తప్పులు చేసి, కాస్త నేర్చుకుంది. ఆదివారం సరే, శనివారం సాయంత్రం ఆడవాళ్ళు ప్రార్థనకి చేరే గృహకూడికల మాటేమిటి? వారానికొకరి ఇంట్లో జరుగుతాయి. ఒక వారం కొత్తపేటలో అయితే మరో వారం పలివెలలో. ఆటోలో ఆడవాళ్ళే ఇరుక్కుని కూర్చుంటారు, పెద్ద సెట్టు ఎక్కడ పడుతుంది? స్త్రీల సమాజం ప్రెసిడెంటు యేసురత్నం గారు తేల్చేశారు: "చప్పట్లతో ఎన్నాళ్ళు పాడతామే? సంచిలో పట్టే కరెంటు డ్రమ్ములు ఉంటాయంట కదా. కొనుక్కో. వాయించేది నువ్వే."

ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో పింకీ కొనుక్కుంటానంది. ఎంచడం మాత్రం ఎప్పటిలాగే మాస్టారి శాఖకి వెళ్ళింది.

మొదట వచ్చింది చాపలా చుట్టేసే రకం. కర్ర పడిన కాసేపటికి గానీ చప్పుడు వచ్చేది కాదు. పాట ముందు, తాళం వెనక. దాన్ని పంపేద్దామని పింకీయే అంది. రెండోది పలకలు బిగించిన పెట్టె. "కాలి పెడల్ నేల మీద జారిపోతోంది" అని పింకీ కాలేజీ నుంచి వచ్చేలోపే మాస్టారు కట్టి పంపేశారు. కింద గోనెపట్టా వేస్తే జారదు కదా అని నిర్మల అనుకుంది గానీ, పైకి అనలేదు. ఎంపిక శాఖతో వాదించి గెలిచిన చరిత్ర ఆ ఇంట్లో లేదు.

మూడోది పింకీ స్వయంగా వెతికి పెట్టింది. టీ ట్రే కంటే కాస్త పెద్దది, కాలి పెడల్ విడిగా. మెల్లగా కొడితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది. ఛార్జింగ్ ఉంటే కరెంటు పోయినా పాట ఆగదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సాధన చేసినంతసేపూ పక్కింటివాళ్ళకి కూడా శాంతి. నిన్న పింకీ కాలేజీలో ఉండగా వచ్చింది. "చెక్ చేసి, ఛార్జింగ్ పెట్టి ఇస్తాను, రేపు చూద్దువు గాని" అని మాస్టారు తన గదిలో పెట్టుకున్నారు.

తెల్లవారింది. రెండో శనివారం, బడికి సెలవు. నిర్మల కొబ్బరి పచ్చడి రుబ్బుతోంది. అత్తగారు సత్తెమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గేటు దగ్గర బండి ఆగింది.

"మేడమ్ గారూ! రిటర్న్ ఉందంటండి."

కొరియర్ సత్తియ్య. ఈ ఇంటికి ఎంత తరచుగా వస్తాడంటే, కుక్క కూడా మొరగడం మానేసింది.

"ఏం రిటర్ను, సత్తియ్యా?"

"డ్రమ్మండి. నిన్న నేనే ఇచ్చేనండి. మాస్టారి ఫోనుకి ఓటీపీ వస్తుందండి, అది చెప్తే చాలండి."

జడ వేసుకుంటున్న పింకీ దువ్వెనతోనే బయటికి వచ్చింది. "రిటర్నా? నేనింకా దాని మొహమైనా చూడలేదు!"

అప్పుడే మాస్టారు గదిలోంచి వచ్చారు. చేతిలో పెట్టె. దాని చుట్టూ టేపు, మళ్ళీ తెరవడానికి ఎవరికీ మనసు రానంత నీటుగా.

"లోపం ఉందమ్మా ఇందులో. బ్యాటరీ నిలవట్లేదు. నువ్వు బిగినర్‌వి. మొదట్లోనే పాడు సరుకు చేతిలో పడితే ఉత్సాహం పోతుంది. ఇంకొకటి చూద్దాం."

పింకీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈసారీనా డాడీ! సాయంత్రం పలివెల కూడికలో వాయిస్తానని చెప్పేను."

"వచ్చే నెల చూద్దాంలే."

నిర్మల చెయ్యి కడుక్కుని వచ్చింది. "ఏవండీ, ఆ పెట్టె ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఎందుకో చెప్తాను. ఇందాక మీ గది ఊడ్చేను. ఛార్జరు వైరు టేబుల్ మీదే ఉంది, దాని కవరు చింపనేలేదు. ఛార్జింగే పెట్టకుండా బ్యాటరీ నిలవట్లేదని ఎలా తెలిసిందండీ మీకు?"

మాస్టారు లెక్కల మాస్టారు. జవాబు ఒప్పే అయినా మధ్యలో స్టెప్పులు లేకపోతే పిల్లలకి మార్కులు కోస్తారని పేరు. ఇప్పుడు ఆయన దగ్గర ఒక్క స్టెప్పూ లేదు.

"అంటే... రివ్యూల్లో రాసేరు."

"రివ్యూలు చదివి మన ఇంట్లో బ్యాటరీ చచ్చిపోయిందా?"

సత్తియ్య గొంతు సవరించుకున్నాడు. "నేను అటు వీధిలో ఇచ్చేసి వస్తానండి."

"నువ్వు కదలకు సత్తియ్యా. కాఫీ ఇస్తాను, అరుగు మీద కూర్చో. ఈ పెట్టె వెళ్ళేదీ లేనిదీ తేలాకే వెళ్దువు గాని."

"ఆయ్," అన్నాడు సత్తియ్య, పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా కూర్చుంటూ.

"ఇన్నేళ్ళలో మీరు నాకు అబద్ధం చెప్పడం ఎరగను," అంది నిర్మల. ఆవిడ గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "చెప్పులు ఎంచేరు, వేసుకున్నాను. మిక్సీ ఎంచేరు, చెవులు మూసుకుని రుబ్బుకుంటున్నాను. కానీ పిల్ల దానంతటది కష్టపడి కొనుక్కున్నదాన్ని, అబద్ధం చెప్పి పంపేస్తారా? ఏమైందండీ మీకు?"

"ఏమీ కాలేదు!" మాస్టారు పెట్టెని బల్ల మీద దబ్బున పెట్టారు. "నా కూతురి చేతిలో ఆ కర్రలు వద్దు! అంతే!"

వసారాలో చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

"వద్దంటే?" అంది పింకీ. "ఏది కొనాలో మీరే కదా అందరినీ అడిగేరు?"

"అడిగేను. అదే నేను చేసిన బుద్ధి తక్కువ పని." మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "మొదటిది బాగోలేదన్నావు కదా, మంచిదేదో తెలుసుకుందామని స్టాఫ్ రూములో అడిగేను. హరిబాబు గారున్నారు, సోషల్ మాస్టారు. 'ఏం మాస్టారూ, మీ అమ్మాయి డప్పు పట్టిందటగా! చదువుకుని ఎంత పైకొచ్చినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది లెండి' అన్నారు. అందరూ నవ్వేరు."

మాస్టారి తాత ఊళ్ళో డప్పు వాయించిన మనిషి, తర్వాత మానేశాడని పేరు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆయన కొడుకు పాపారావు గారు మిషన్ బడిలో చదివి అక్కడే టీచరయ్యారు. మనవడు ఫిలిప్ హైస్కూలు మాస్టారు. గోడ మీద పాపారావు గారి ఫోటో ఉంది, కోటు వేసుకుని. తాత ఫోటో లేదు.

"మీరేమన్నారు?" అంది నిర్మల.

మాస్టారు పెట్టె మీది టేపు అంచుని గోటితో నొక్కారు.

"హరిబాబు గారికి మీరేమన్నారండీ?"

"నేనూ నవ్వేను."

నిర్మల ఒళ్ళు మండిపోయింది. ముందు హరిబాబు మీద, తర్వాత ఆ నవ్విన వాళ్ళందరి మీద, ఆ వెంటనే, ఆపుకుందామన్నా ఆగకుండా, ఎదురుగా కూర్చున్న మనిషి మీద.

"మీరు వెనక్కి పంపాల్సింది ఆ మాటండీ. అది లోపలికి తెచ్చుకుని, పిల్ల డ్రమ్ములు బయటికి పంపుతున్నారు."

"నీకేం తెలుసు నిర్మలా! నువ్వు ఆ గదిలో కూర్చోవు. సోమవారం పేపర్లు దిద్దుకుంటుంటే పక్క కుర్చీ ఆయనదే."

"అవును, నేను వంటింట్లో కూర్చుంటాను. ఇక్కడ ఉప్పు ఎక్కువైతే మీరు నవ్వి ఊరుకోరు కదా? నోరు బాగానే లేస్తుంది కదా?"

"ఒరేయ్ ఫిలిప్పూ," అంది సత్తెమ్మ వసారాలోంచి. చేట పక్కన పెట్టి, గుమ్మం పట్టుకుని లేచి వచ్చింది. "మీ తాత డప్పు మానేసేడని ఎవడు చెప్పేడురా నీకు?"

"నాన్నే చెప్పేరు."

"మీ నాన్నకి సిగ్గు, అందుకు చెప్పేడు. ఊళ్ళో కామందులు పిలిస్తే వెళ్ళి, దూరంగా నిలబడి కొట్టడం మానేసేడు మీ తాత. పిలిచినోళ్ళ మొహం మీదే రానని చెప్పేడు. అప్పట్లో ఆ మాట అనడం అంటే ఊరికే అనుకున్నావా? పని పోతుంది, గింజలు పోతాయి. అయినా అన్నాడు. కానీ క్రిస్మస్ వచ్చిందంటే తనకి తనే డప్పు తీసి, మంట మీద కాచి, చర్చి ముందు చేతులు నొప్పెట్టేదాకా వాయించేవోడు. నేను కొత్తగా కాపురానికి వచ్చేను, పండగ నాలుగు రోజులూ నాకు నిద్ర ఉంటే ఒట్టు! వద్దు మావయ్యా అంటే, 'ఇది నా ఇష్టానికి వాయించుకుంటున్నానమ్మాయ్, నువ్వు చెవిలో దూది పెట్టుకో' అనేవోడు." సత్తెమ్మ కొడుకు వైపు వేలు చూపించింది. "చదువు లేని ఆయన రానని చెప్పగలిగేడు. ఇంత చదివి నువ్వు నవ్వేవు."

మాస్టారి మొహం ఎర్రబడింది.

పింకీ అప్పటిదాకా ఏడుస్తోంది. ఇప్పుడు దువ్వెన బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

"రెండోది కూడా ఇందుకేనా డాడీ? పెడల్ జారడం?"

"రెండోది... బాగానే ఉందమ్మా."

"రేపు నాకు కూడా ఉద్యోగం వస్తుంది. నా పక్కన కూడా ఎవరో ఒకరు కూర్చుంటారు, ఏదో ఒకటి అంటారు. అప్పుడు నేను కూడా నవ్వాలా? చెప్పండి డాడీ. మీరు ఎలా చెప్తే అలా చేస్తాను."

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చినా నిర్మల కదల్లేదు.

అరుగు మీద సత్తియ్య ఫోను మోగింది. "లేటైపోతుందండి... ఓటీపీ చెప్తారాండి?"

మాస్టారు ఫోను తీశారు. కళ్ళజోడు సర్దుకుని ఏదో నొక్కారు.

"క్యాన్సిల్ చేసేసేను సత్తియ్యా. నువ్వు వెళ్ళిరా."

ఆ తర్వాత చొక్కా వేసుకుని, టిఫిను కూడా తినకుండా, స్కూటరు తీసుకుని ఎక్కడికో వెళ్ళిపోయారు. మధ్యాహ్నం వచ్చి తిని, మాట్లాడకుండా పడుకున్నారు. నిర్మల అడగలేదు. అడగకపోవడం ఆవిడకి ఎంత కష్టమో పెట్టిన కూరకే తెలుసు, అందులో కారం రెండుసార్లు పడింది.

సాయంత్రం పలివెలలో యేసురత్నం గారింట్లో కూడిక. ముందు గదిలో చాపల మీద ఆడవాళ్ళు. మధ్యలో పీట, పీట మీద పింకీ డ్రమ్ములు, పెడల్ కింద నిర్మల మడిచి వేసిన పాత గోనెపట్టా. మొదటి పాటకి పింకీ భయపడుతూ మొదలుపెట్టింది. రెండో చరణంలో తాళం తప్పింది. యేసురత్నం గారు పాట ఆపకుండానే చప్పట్లు పెంచి, అమ్మాయిని చెయ్యి పట్టుకుని తెచ్చినట్టు మళ్ళీ దారిలోకి తెచ్చారు. సత్తెమ్మ కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. ఆవిడ వింటున్నది ఏ చప్పుడో ఆవిడకే తెలియాలి.

పాట అయ్యేసరికి గుమ్మంలో ఫిలిప్ మాస్టారు నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళ కూడికకి మగవాళ్ళు వచ్చేది ప్లాస్టిక్ కుర్చీలు దింపడానికే. ఆయన చేతిలో కుర్చీలు లేవు.

సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఒకావిడ మోకాళ్ళ నొప్పి తగ్గిందని చెప్పింది, ఇంకొకావిడ మసకట్ నుంచి కొడుకు ఫోను చేశాడని చెప్పింది. అప్పుడు గుమ్మం దగ్గర గొంతు వినిపించింది.

"నేనొక మాట చెప్పుకోవచ్చాండి?"

యేసురత్నం గారు ఆశ్చర్యపోయి, చెప్పండి మాస్టారూ అన్నారు.

"ఇది మేలు చేసిన సాక్ష్యం కాదండి." మాస్టారు తలుపు రెక్క పట్టుకున్నారు. "మా స్కూల్లో ఒకాయన మా ఇంటి గురించి ఒక మాట అన్నారు. ఆరోజు నవ్వేశాను. ఇవాళ పొద్దున ఆయనింటికి వెళ్ళేను. సరదాకి అన్నాను మాస్టారూ అన్నారు. నాకు సరదాగా లేదండీ, ఇంకోసారి అనకండి అని చెప్పేను. అంతే. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి, నోటికి అదొక్కటే వచ్చింది. కానీ నేను ఇక్కడికి వచ్చింది ఆయన గురించి చెప్పడానికి కాదు. ఆయన అన్నది ఒక్క మాట. దానికి భయపడి నేను నా కూతురికి అబద్ధాలు చెప్పేను. బాగున్న వస్తువుకి లోపాలు అంటగట్టేను. మా తాతని చూసి గర్వపడాల్సింది పోయి, దాచేను. పింకీ..."

పింకీ చేతిలో కర్రలు కదలకుండా ఉన్నాయి.

"తప్పు నాదమ్మా," అన్నారు మాస్టారు, దాదాపు లోపలే.

సత్తెమ్మ కళ్ళు తెరిచింది.

"గట్టిగా చెప్పరా ఫిలిప్పూ. వెనక చాప వాళ్ళకి వినపడలేదు."

మాస్టారు కళ్ళజోడు తీసేశారు. కూతురి మొహంలోకి సూటిగా చూసి, క్లాసులో చివరి బెంచీకి కూడా చేరే గొంతుతో అన్నారు:

"తప్పు నాదే!"