అన్నీ చూపించమన్న లైను

ఎమ్మిగనూరులో మే నెల మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా తిరగదు. మగ్గం గదిలో నాగజ్యోతి ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. తెర మీద ఉన్నది చీరల డిజైన్లను మగ్గానికి అందించే ప్రోగ్రాం. తను రాస్తున్న దాన్ని పూర్తి చేయకుండానే భర్త హరినాథ్ ఆదోని రోడ్డులో లారీ కింద పడి చనిపోయాడు. మూడు నెలలైంది. ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు. ఆ ప్రోగ్రాం ఏ యంత్రం మీదైనా నడిచేలా చేసే పని మాత్రం పట్టుకుంది.

అందులో ఒక మెలిక ఉంది. నాకు ఫలానా సౌకర్యం కావాలని ఫైలు మొదట్లోనే ఒక లైను రాయాలి. ఫీచర్ టెస్ట్ మాక్రో అంటారు. అడిగినవే సిస్టం చూపిస్తుంది. అడగనివి అక్కడే ఉన్నా కనపడవు. అన్నీ చూపించు అనే లైను కూడా ఒకటుంది. అది బద్ధకస్తుల పని అని హరినాథ్ తిట్టేవాడు. పన్నెండు రోజుల కిందట విసుగొచ్చి ఆమె అదే రాసేసింది.

ఆ సాయంత్రమే అత్త రాజేశ్వరి వంటింట్లోంచి వచ్చింది. పోయినేడు ఉగాదికి ముందు చనిపోయిన మనిషి. నాగజ్యోతికి భయమెయ్యలేదు. కాస్త జరిగి చోటిచ్చింది, అంతే. మర్నాడు మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో ఎవరో ముసలాయన, నేసుకుంటూ. తర్వాత తడి నూలుతో ఇద్దరు ఆడవాళ్ళు. ఇప్పుడు గది నిండా జనం, గంజి వాసన. ఆమెకు కావలసింది హరినాథ్ ఒక్కడే. అతను మాత్రం రాలేదు.

"ఆయన యాడుండాడు అత్తా?"

అత్త తల అడ్డంగా ఊపింది.

నాగజ్యోతి ఆ లైను కిందే భర్త పేరు చేర్చి ప్రోగ్రాం నడిపింది. ఏది ఉందో, ఏది లేదో వెతికే పరీక్ష మొదలైంది. గడియారం, ఉంది. నెట్‌వర్క్, ఉంది. హరినాథ్...

అక్కడ నిలిచిపోయింది.

గుంటలో ముసలాయన కాళ్ళతో తొక్కే చెక్కల చప్పుడు ఆగింది. అందరూ వీధి తలుపు వైపు చూస్తున్నారు.

అత్త ఆమె చెవి దగ్గరికి వంగింది. "వాన్ని పిలుస్తాండావా తల్లీ..."

"నా మొగుడు కదత్తా."

"నేను కన్న బిడ్డే. అయినా వద్దమ్మా. మేమంతా ఈడికొచ్చింది... వానికి దొరక్కుండా దాంకునేకే."

నాగజ్యోతి గబగబా రెండు లైన్లూ చెరిపేసింది. గది ఖాళీ అయిపోయింది. అత్త లేదు. ముసలాయన లేడు. గంజి వాసన కూడా లేదు. కానీ నడుస్తున్న పరీక్ష ఆగలేదు. తెర మీద హరినాథ్ పేరు పక్కన ఒక్క మాట పడింది.

ఉంది.

మూడు నెలల్లో మొదటిసారి ఆమెకు భయమేసింది. కనపడని చెయ్యి ఒకటి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుంది. అది వణుకుతోంది... అత్తదే.

ఇంకో చెయ్యి భుజం మీద పడింది. అది వణకడం లేదు.