మూత కుదరని టీపాట్

సోమవారం పొద్దున మహీధర్ ఆఫీసు తాళం తీయడానికి వచ్చేసరికి, ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. చూపుడువేలికి బ్యాండేజీ, ఒళ్లో బ్యాక్‌ప్యాక్, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు.

"సీతాదేవి మేడమ్ ఉన్నారా అంకుల్?"

మహీధర్‌కి ముప్పై మూడేళ్లు. ఆ 'అంకుల్' చురుక్కుమన్నా మింగేసి లోపలికి తీసుకెళ్లాడు.

సీతాదేవి అప్పటికే వెనక తలుపు తీసుకుని వచ్చి, లోపల ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్లు ఇన్సూరెన్స్ క్లెయిముల్లో అబద్ధాలు ఏరి, రిటైరయ్యాక ఇంట్లో తోచక లైసెన్సు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్‌లో ఉన్న తెలుగువాళ్లలో ఆవిడకి భయపడనివాళ్లు తక్కువ. పక్క ఊరు కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి ఆవిడ దగ్గర చేరిన మహీధర్‌కైతే మూడేళ్లుగా ఆవిడంటే భక్తి. ఆ మూడేళ్లలో ఒక్కసారైనా 'శభాష్' అంటుందేమోనని చూస్తూనే ఉన్నాడు. ఆవిడ నోట్లోంచి ఆ ముక్క రాదే!

"పేరు చెప్పమ్మా."

"ధరణి మేడమ్. మాది నంద్యాల. కాలేజీలో సప్లై చెయిన్ కోర్సు చేస్తున్నా. కమలకుమారి ఆంటీ వాళ్ల బేస్‌మెంట్‌లో ఉంటున్నా. బుధవారంలోగా ఖాళీ చేయమన్నారు. నేను పగలగొట్టలేదు మేడమ్!"

"ఏం పగలగొట్టలేదు? మొదట్నుంచీ చెప్పు."

చెప్పింది. కమలకుమారి హాస్పిటల్‌లో ఫార్మసిస్టుగా చేసి రిటైరైంది. ఇరవై రెండేళ్లుగా పాత ఇంగ్లిష్ పింగాణీ సేకరిస్తోంది. ఇంటి నిండా అద్దాల బీరువాలే. అన్నిట్లోకీ ఆవిడ ప్రాణం ఇంగ్లండులోని వూస్టర్ కంపెనీ చేసిన ఒక టీపాట్, రెండువందల అరవై ఏళ్లనాటిది, తెల్లటి ఒంటి మీద నీలిపూలు. జనవరిలో వచ్చిన ధరణి మొదట ఆ బీరువాలు తుడిచిపెట్టేది. తుడుస్తూ తుడుస్తూ అడగడం మొదలెట్టింది. అడిగినకొద్దీ ఆవిడ నేర్పింది. ఆగస్టుకల్లా, ఏ వస్తువు కొనాలన్నా ముందు "ధరణీ, నువ్వు చూడు" అనేదాకా వచ్చింది.

"శనివారం ఆంటీ స్ట్రాట్‌ఫర్డ్‌లో ఎవరింట్లోవో పాత సామాన్లు అమ్మే ఎస్టేట్ సేల్‌కి వెళ్లారు. యోగానంద్ అంకుల్ బ్యాక్‌యార్డ్‌లో గడ్డి కోసే మోవర్ నడుపుతున్నారు. నేను కింద అసైన్‌మెంట్ రాసుకుంటున్నా. పదకొండుకి పైన ఏదో పగిలిన చప్పుడైంది. పరిగెత్తుకెళ్తే ఎవరూ లేరు. నేల మీద టీపాట్ ముక్కలు. ఏరుతుంటే వేలు తెగింది. అప్పుడే ఆంటీ వచ్చారు."

"మూత?"

ధరణి తల వంచుకుంది. "అదే మేడమ్ నా ఖర్మ. మూత షెల్ఫ్ మీద క్షేమంగా ఉంది. టీపాట్ ఎత్తేముందు మూత తీసి పక్కన పెట్టాలి, పిడి పట్టుకోకూడదు, రెండు చేతులతో కిందనుంచి ఎత్తాలి. ఇది ఆంటీయే నేర్పారు. 'అలా తీసిపెట్టేది నువ్వు కాకపోతే ఇంకెవరే?' అన్నారు."

"ఇంట్లోకి ఎవరైనా రావచ్చా?"

"ఫ్రంట్ డోర్‌కి కోడ్ ఉంది. చర్చి ఫ్రెండ్స్‌లో సగంమందికి తెలుసు."

"వేరే గది చూసుకోలేదా?"

ఆ సెప్టెంబరులో ఊళ్లో గది అడగడమే ఒక పెద్ద జోకు. చదువుకోడానికి వచ్చే పిల్లలు విమానాలు దిగుతూనే ఉన్నారు, ఒక్కో బేస్‌మెంట్‌లో ఏడుగురేసి. కానీ ధరణి కష్టం అది కాదు.

"ఆంటీ ఆరిళ్లకి ఫోన్ చేసి చెప్పేశారు మేడమ్, విలువైనది పగలగొట్టి అబద్ధమాడుతోందని. గది లేకపోతే ఎవరి సోఫా మీదో పడుకుంటా. పేరు పోతే ఏం చేయను? మా అమ్మకి ఏమని చెప్పను?"

సీతాదేవి కాఫీ పక్కన పెట్టింది. "నువ్వంటే గిట్టనివాళ్లెవరు?"

"ఎవరూ లేరు మేడమ్."

"సరే, అలా కాదు. నువ్వెవరినైనా నొప్పించావా?"

"జూలైలో జయమణి ఆంటీ మా అందర్నీ వాళ్లింటికి టీకి పిలిచారు. ఆవిడా కమల ఆంటీతోపాటే సేకరిస్తున్నారు. ఆవిడ దగ్గరా అచ్చం అలాంటి టీపాటే ఉంది. మూత లేకుండా దొరికిందట. చూడమన్నారు. కిటికీ వెలుగుకి పట్టి చూసి, 'ఇది వూస్టర్ కాదాంటీ, తర్వాతెప్పుడో ఫ్రాన్స్‌లో చేసిన కాపీ' అన్నా. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు మేడమ్."

* * *

కమలకుమారి తలుపు తీసి, ధరణిని చూడగానే మొహం తిప్పుకుంది. "దీన్నెందుకు తీసుకొచ్చారండీ?"

"నా క్లయింటు కాబట్టి. ముక్కలేవి?"

"డబ్బాలో పెట్టి టవల్ కప్పేశా. మళ్లీ చూళ్లేదు. చూస్తే నా గుండె ఆగిపోతుంది."

ఆవిడ భర్త యోగానంద్ సోఫాలో స్టీలు గ్లాసుతో మజ్జిగ తాగుతున్నాడు. "ఈ ఇంట్లో పగలనిది ఈ గ్లాసొక్కటే," అన్నాడు మహీధర్‌తో. "మా పెళ్లై ముప్పై ఏళ్లు. నాకు జ్వరమొస్తే టాబ్లెట్ ఇచ్చి పోతుంది. టీపాట్‌కి దుమ్ము పడితే మాత్రం రెండు గంటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. పోతే పోయింది పీడ!"

"చప్పుడు వినలేదా సార్?"

"మోవర్ రొదలో నా మాట నాకే వినపళ్లేదు."

వీడే, అనుకున్నాడు మహీధర్. టీపాట్ మీద ఇంత కుళ్లు ఉన్న మనిషిని అతనెక్కడా చూడలేదు.

సీతాదేవి టవల్ తీసింది. టీపాట్ కిందిభాగం ముక్కలైంది గానీ, మెడ మాత్రం ఉంగరంలా చెక్కుచెదరకుండా మిగిలింది. ఆవిడ బీరువాలోంచి మూత తీసి ఆ మెడ మీద పెట్టింది. మూత జారి లోపలికి పడిపోయింది. ఇంకోసారి పెట్టింది. మళ్లీ పడింది. మూత తీసి యథాస్థానంలో పెట్టేసింది.

"ఒక్క ముక్క కిటికీకి పట్టి చూడనివ్వండాంటీ," అంది ధరణి దూరంనుంచే.

"నువ్వు ముట్టుకున్నది చాలు!"

సీతాదేవే ఒక ముక్క తీసి ఎండకి పట్టింది. ధరణి అక్కణ్నుంచే కళ్లు చిట్లించి చూసింది. ఆ పిల్ల మొహం రంగు మారడం మహీధర్ గమనించాడు.

కారెక్కగానే ధరణి గబగబా అంది, "మేడమ్, అది మన టీపాట్ కాదు! వూస్టర్ పింగాణీలోంచి వెలుగు లేత ఆకుపచ్చగా వస్తుంది. ఇందులోంచి తెల్లగా వచ్చింది."

"అంత దూరంనుంచి చెప్పేశావా!" సీతాదేవి వెనక్కి తిరిగి మరీ చూసింది. "ఈ పిల్లకి కన్నుంది మహీధర్. అసలైన కన్ను."

మహీధర్ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. మూడేళ్లు! మంచులో, వానలో, పార్కింగ్ లాట్లలో కూర్చుని కాపలా కాశాడు. ఈ పిల్ల వచ్చి మూడు గంటలు కాలేదు. ఒళ్లు మండింది. వెంటనే సిగ్గేసింది గానీ, సిగ్గేసినంత మాత్రాన మంట ఆరలేదు. పక్కకి చూస్తే సీతాదేవి తననే చూస్తోంది.

"జయమణిగారింటికి పోనీ," అంది ఆవిడ.

* * *

జయమణి ఒక్కర్తే ఉంటుంది. భర్త పోయాడు, కొడుకు విన్నిపెగ్‌లో. వీళ్లు వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. డైనింగ్ టేబుల్ మీద రెండు బ్రెడ్ ముక్కలు, జామ్ సీసా.

"అయ్యో, కమల టీపాట్ సంగతే కదా! ప్రార్థనలో కూడా పెట్టాను," అంది. ధరణి వైపు మాత్రం చూడలేదు.

"శనివారం మీరూ స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లాల్సింది కదా?"

"మోకాలు నొప్పండీ. ఇంట్లోనే ఉన్నాను."

"మీ టీపాట్ ఒకసారి చూపిస్తారా? పోల్చి చూసుకోడానికి."

"అదా? అది కాపీ అని ఈ అమ్మాయిగారు సెలవిచ్చారుగా!" జయమణి గొంతు సన్నబడింది. "ఇంకెందుకని జూలైలోనే డొనేషన్‌కి ఇచ్చేశా."

మహీధర్ బీరువా దగ్గరికి నడిచాడు. అరల మీద పలచగా దుమ్ము. మధ్య అరలో ఒక పాలజగ్గు, దాని వెనక అరచేయంత గుండ్రటి చోటు నిగనిగలాడుతోంది. అక్కడ దుమ్మే లేదు. అతను సీతాదేవికి కళ్లతో చూపించాడు. ఆవిడ చూసి, చూడనట్టు వంటింట్లోకి నడిచింది.

"ఒంటిగంటకి బ్రెడ్డేమిటండీ? నర్సాపురం మనిషి, అన్నం వండుకోలేదా?"

"శనివారంనుంచీ వండబుద్ధి కావట్లేదండీ. నోరు చేదుగా ఉంది."

వంటింటి మూల నడుమెత్తు బియ్యం డబ్బా. దాని మూత మీద రైస్ కుక్కరూ, దాని మీద రోటీ పెనమూ పేర్చి ఉన్నాయి. సీతాదేవి వాటిని ఓ క్షణం చూసి, ఫోన్ తీసింది. "కమలకుమారిగారూ, మీవారినీ, ముక్కల డబ్బానీ, ఆ మూతనీ తీసుకుని జయమణిగారింటికి ఇప్పుడే రండి. ఇప్పుడే అంటే ఇప్పుడే."

పావుగంటలో అందరూ అదే డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్నారు. సీతాదేవి కూర్చోలేదు.

"నాకు పింగాణీ తెలీదు. గిన్నెలూ మూతలూ తెలుసు," అంటూ మెడముక్క మీద మూత పెట్టింది. టక్కున లోపలికి పడింది. "రెండువందల అరవై ఏళ్లు కలిసున్న గిన్నెకి మూత కుదరకపోవడమేంటి? ధరణీ, ఎందుకో చెప్పు."

"అది మన టీపాట్ కాదు కాబట్టి," అంది ధరణి. కమలకుమారి ముక్కని కిటికీకి పట్టింది. చూసింది. వెలుగు తెల్లగా వచ్చింది.

"అంటే, నాది పగల్లేదా?" అంది.

"పగల్లేదు. శనివారం ఎవరో తమ దగ్గరున్న కాపీని మీ ఇంటికి తెచ్చి, పగలగొట్టి, అసలుది పట్టుకెళ్లారు. కాపీకి మూత లేదు. మీ మూత లేకపోతే మీకు అనుమానమొస్తుంది, అందుకని దాన్ని షెల్ఫ్ మీద వదిలేశారు. అది ధరణి మెడకే చుట్టుకుంది. ముందు నేను యోగానంద్‌గారినీ అనుమానించాను."

"నన్నా?" యోగానంద్ ఉలిక్కిపడ్డాడు.

"మీకు టీపాట్ మీద కోపం. మీరైతే అసలుదే పగలగొట్టేవారు. ఈ పని చేసినవాళ్లకి టీపాట్ మీద కోపం లేదు, ఈ పిల్ల మీదే. పిల్లని గెంటించడానికి సొంత వస్తువు పగలగొట్టుకోగలిగారు. కమలగారి వూస్టర్‌ని పగలగొట్టడానికి మాత్రం చేతులు రాలేదు. అంత ప్రేమ. జూలైలో ఇచ్చేశానన్న టీపాట్ చోట దుమ్మెందుకు లేదు జయమణిగారూ? రెండు నెలల దుమ్ము ఆ ఒక్క గుండ్రాన్నే వదిలేసిందా?"

జయమణి బల్ల అంచు పట్టుకుంది. "ఎప్పుడో తుడిచుంటాను."

"అలాగే అనుకుందాం. నాకు ఆకలిగా ఉంది. కాస్త అన్నం వండి పెడతారా?"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. జయమణికి అయింది. ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మహీధర్, ఆవిడకి మోకాలు నొప్పి. నువ్వెళ్లి బియ్యం తీసుకురా."

మహీధర్ పెనమూ కుక్కరూ దించి, డబ్బా మూత తీసి, మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. వేళ్లకి చల్లగా, నున్నగా తగిలింది. పిడి పట్టుకోబోయి, ధరణి చెప్పింది గుర్తొచ్చి, రెండో చెయ్యి కూడా పెట్టి కిందనుంచి ఎత్తాడు. టీపాట్‌ని తెచ్చి బల్ల మీద పెడితే దాని ముక్కులోంచి బియ్యపు గింజలు జలజలా రాలాయి. కమలకుమారి మూత తీసి పెట్టింది. చక్కగా కూర్చుంది.

"పింగాణీ దాచాలంటే బియ్యంకన్నా మెత్తటి పరుపు లేదు," అంది సీతాదేవి. "కానీ బియ్యానికి గ్లాసు ముంచితే ఎక్కడ తగిలి చిట్లుతుందోనని మూడ్రోజులు బ్రెడ్డు తిన్నారు. కోనసీమ పక్క మనిషి అన్నం మానేసిందంటేనే నాకు డబ్బా మీద కన్నుపడింది."

జయమణి భోరుమంది. "ఇరవై రెండేళ్లు కమలా! మంచులో నీతో ఎన్ని సేల్స్‌కి తిరిగాను! ఒక్కనాడు 'జయా, నువ్వు చూడు' అన్నావా? ఈ పిల్ల వచ్చి ఎనిమిది నెలలు, దాని మాటే వేదమైపోయింది. నా ఇంట్లో నా టీపాట్ చూసి నువ్వూ నవ్వావు. నాకు ఒళ్లు మండిపోయింది. నిద్రపట్టలేదు. ఇది పోతే మళ్లీ నేనే నీ పక్కన ఉంటాననుకున్నాను."

కమలకుమారి ధరణి వైపు తిరిగింది. "తప్పయిపోయిందమ్మా. ముక్కలు కూడా చూడకుండా నిన్ను దోషిని చేశాను. గది నీదే. ఎన్నాళ్లయినా ఉండు."

ధరణి తల అడ్డంగా ఊపింది. "గది సంగతి తర్వాతాంటీ. ఆరిళ్లకి ఫోన్ చేశారు కదా. ఆ ఆరిళ్లకీ మళ్లీ చేయండి. నా ముందే."

కమలకుమారి ఫోన్ తీసి మొదటి నంబరు నొక్కింది. అవతల ఎవరో "హలో" అన్నారు. ఆవిడ ఫోన్ చెవి దగ్గర్నుంచి దించేసింది. జయమణి కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఇటివ్వు కమలా. పగలగొట్టింది నేను. నేనే చెప్తాను."

ఆరిళ్లకీ ఆవిడే చెప్పింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి, ధరణి లేచి ఆవిడకి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది.

* * *

ధరణిని కమలకుమారివాళ్ల కార్లో పంపి తిరిగి వస్తుంటే మహీధర్ ఉండబట్టలేక అడిగాడు. "దుమ్ము, బియ్యం సరే మేడమ్. అసూయ అని అంత గట్టిగా ఎలా తెలిసింది?"

"నీ మొహం చూసి."

మహీధర్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ పిల్లని నేనొక్క మాట మెచ్చుకుంటే నువ్వు స్టీరింగ్ పీకేసేలా పట్టుకున్నావు. మూడేళ్లకే ఇంతైతే ఇరవై రెండేళ్లకి ఎంతవుతుందో లెక్కేసుకున్నా." సీతాదేవి సీట్లో వెనక్కి వాలింది. "ఇందాక కమలకుమారి గేటు దాకా వస్తే చెప్పాను, ఆ దుమ్ములో గుండ్రం చూసింది మావాడు, వాడి కన్ను పడకపోతే నాకు ఆలస్యమయ్యేదని. మా అక్కకీ చెప్తూనే ఉంటా, వాడు నాకు దొరకడం నా అదృష్టమని. నీకెప్పుడూ చెప్పలేదా?"

"లేదు మేడమ్."

సీతాదేవి కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"అయితే నేనూ కమలకుమారినే," అంది.