ఆదెమ్మ బర్రె ఎదకొచ్చిన రోజు

“ఈ భూమ్మీద ఇక మిగిలింది ఇదొక్కటే,” అంటూ డాక్టర్ జమ్లి నైట్రోజన్ క్యాన్‌ను గరుడ ముందు పెట్టింది.

మణుగూరు అవతల, అడవి అంచున ఒక క్వార్టర్. లోపల గడియ. క్యాన్‌లో ఒకే ఒక్క స్ట్రా, అగ్గిపుల్లకన్నా సన్నం. అందులో గడ్డకట్టించిన క్యాన్సర్ కణాలు. ఏ మందుకూ లొంగనివి, ఇరవై ఏళ్లు కష్టపడి జమ్లి పట్టుకున్న మాలిక్యూల్‌కు లొంగాయి. అది రుజువు చేయాలంటే ఆ కణాలే కావాలి.

“ల్యాబ్‌లో కాపీలు?”

“లారా ఫ్రీజర్ ఆపేసి పోయింది. నా పక్క బెంచీలోనే పనిచేసేది. నా టిఫిన్ బాక్సులోనే తినేది. విదేశీ ముఠా మనిషని నాకేం తెలుసు?” జమ్లి క్యాన్ మూత మీద చెయ్యి వేసింది. “ఇవి మా అమ్మ గొంతులోంచి తీసిన కణాలు సార్. పోతే మళ్లీ తీయడానికి అమ్మ లేదు.”

గూఢచారి గరుడ అసలు పేరు వెంకటేశ్వరరావు. ఆ పేరుకు శత్రువులు భయపడరని డిపార్ట్‌మెంటే మార్చింది. ప్లాన్ అతనిదే. ఈ దారిలో నైట్రోజన్ క్యాన్‌తో తిరిగినా ఎవరూ వింతగా చూడనిది గడ్డకట్టించిన వీర్యంతో పశువులకు ఎద సూదులు వేసే గోపాలమిత్రనే. కనుక ఖాకీ చొక్కా, పాత మోపెడ్, భుజందాకా వచ్చే ప్లాస్టిక్ గ్లవ్స్. జేబులో పెన్ పిస్టల్. ఖమ్మంలో క్యాన్ అందుకునేవాడు “మిర్చి ఎట్లుంది?” అనాలి. ఇతను “ఘాటు తగ్గింది” అనాలి.

వేషం బ్రహ్మాండంగా కుదిరింది. అదే కొంప ముంచింది.

చండ్రుగొండ దగ్గర ఆదెమ్మ అనే రైతు రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

“సారూ, బర్రె ఎదకొచ్చింది. పొద్దటి సంది ఒకటే అరుస్తుంది. జల్దీ సూది వెయ్యి.”

“అర్జెంట్ కేసుందమ్మా.”

“నా బర్రెది అర్జెంట్ గాదా? గిట్ల జేస్తే నీ మీద కంప్లయింట్ ఇస్త!”

వెనకే జీపు ఆగింది. పాల డెయిరీ బోర్డు, నల్ల కళ్లద్దాలు, తెల్ల ప్యాంటు. ఫొటోలో చూసిన ముఖమే. లారా.

“వేయండి డాక్టర్ గారూ,” అంది పుస్తకంలాంటి తెలుగులో. “నేనూ చూస్తాను.”

వెయ్యకపోతే వేషం పోతుంది. వేస్తే జమ్లి తల్లి పోతుంది. శిక్షణలో బాంబులు విప్పడం నేర్పారు గానీ బర్రెల ఊసే ఎత్తలేదు. “ముందు పరీక్ష చెయ్యాలి,” అని నసిగి, క్యాన్‌ను కాళ్ల దగ్గర పెట్టి, గ్లవ్ తొడిగి, బర్రె వెనక నుంచి మోచేతిదాకా చెయ్యి పంపాడు.

బర్రె తోకతో పేడ విసిరింది. నల్ల కళ్లద్దాలు పచ్చబడ్డాయి. లారా తొట్టి దగ్గరికి పరుగెత్తి ముఖం కడుక్కోసాగింది.

అంతలో అసలు గోపాలమిత్ర బొజ్జయ్య దిగాడు.

“ఏందక్కా, నాకు ఫోన్ జేసి ఇంకొకన్ని పిల్సినవా?”

“నీకోసం ఎద ఆగుతదా?”

“ఎండల వెట్టిండు సూడు క్యాన్!” గొణుక్కుంటూ బొజ్జయ్య, బర్రెతో కుస్తీలో ఉన్న గరుడకు తెలియకుండానే అతని క్యాన్‌ను కొట్టంలో నీడన పెట్టొచ్చాడు. తన క్యాన్ తెస్తూ బర్రె వైపు చూసి, దాన్ని గరుడ కాళ్ల దగ్గరే కింద పెట్టేశాడు.

“కుడి చెయ్యి వెట్టినవేందయ్యా! ఎడమది గదా పోవాలె. ఎవ్వడు నువ్వు?”

“నేనూ అదే అడుగుదామనుకున్నాను,” అంది లారా. చేతిలో పిస్టల్.

గరుడ పిస్టల్ జేబులో ఉంది. తీయాల్సిన చెయ్యి బర్రెలో ఉంది. లాగాడు. బర్రె బిగబట్టింది. లారా అతని కాళ్ల దగ్గరున్న క్యాన్ ఎత్తుకుని, “జమ్లికి నా థాంక్స్,” అంది. జీపు వెళ్లిపోయింది.

గరుడ బర్రె నడుముకు నుదురు ఆనించాడు. జమ్లికి ఏమని చెప్పాలి? మీ అమ్మను నా కళ్ల ముందే ఎత్తుకుపోయారనా?

“నా క్యాన్ వాయె,” వెనక నుంచి బొజ్జయ్య గొంతు. “సరే తియ్, ఈయన దాంట్లకెళ్లే వేస్త. అరె, ఒక్కటే ఉందేంది?”

గరుడ తల తిప్పాడు. కొట్టం నీడలో తెల్లటి పొగ. క్యాన్ మూతిలో పట్టకారు. పక్కన స్ట్రాను కరిగించడానికి గోరువెచ్చని నీళ్ల గ్లాసు.

“ఆగూ!”

ఆ కేకకు బర్రె అదిరిపడి చెయ్యి వదిలేసింది. గరుడ పేడలో పడ్డాడు. స్ట్రా బొజ్జయ్య పట్టు జారి తిరిగి క్యాన్‌లోకి పోయింది.

“మరి నా బర్రె?” అంది ఆదెమ్మ. భారత ప్రభుత్వం అప్పటికే క్యాన్ ఎత్తుకుని మోపెడ్ ఎక్కేసింది.

ఖమ్మంలో ఆ మనిషి ముక్కు మూసుకునే “మిర్చి ఎట్లుంది?” అన్నాడు. గరుడ “ఘాటు తగ్గింది” అంటే నమ్మడానికి చాలాసేపు పట్టింది.

ఇక సముద్రాల అవతల పెద్ద పెద్ద సైంటిస్టులు మైక్రోస్కోపుల మీద వంగి, జమ్లి కణాలకు తోకలెందుకున్నాయో, అవి ఎవరికోసం అంత హడావుడిగా ఈదుతున్నాయో తేలక ఇంకా తలలు పట్టుకునే ఉన్నారట.