గుడ్ ఫ్రైడే ముద్దపప్పు

“మీరు తినేది ముద్దపప్పేనా? అదీ ఆవకాయతో?”

కిటికీలోంచి వచ్చిన ఆ గొంతుకి అజయ్ బాబుకి పొలమారింది. లోపల కంచం ముందు అతను, ఎదురుగా పీట మీద, అతను అద్దెకుంటున్న ఇంటి ముసలావిడ కృపమ్మ. బయట వీధిలో, అతని బండి చూసి ముచ్చటపడి ఆగిన రూబీ.

మర్నాడు గుడ్ ఫ్రైడే. ఈస్టరుకి ముందు వచ్చే నలభై లెంటు రోజులూ సాయంత్రం ప్రార్థన దాకా మంచినీళ్లతోనే ఉండాలని తెనాలిలోని వాళ్ల సంఘం తీర్మానించుకుంది. తీర్మానం చేయించింది సంఘపెద్ద ప్రకాశం గారు, రూబీ తండ్రి. రేపల్లె నుంచి వచ్చిన ఈ అజయ్ సంబంధం ఆయనకి నచ్చడానికి కారణం, కుర్రాడు రోజూ ప్రార్థనలో ముందు వరసలో కూర్చోవడమే. రూబీకి నచ్చింది మాత్రం ఆ కుర్రాడి నవ్వు.

“రోజూ తింటున్నారా?”

“రోజూనండి. బ్యాంకు నుంచి లంచ్‌కి వచ్చి.”

“సిగ్గులేకుండా చెప్తున్నారే!”

“అబద్ధం చెప్పమంటారా? లెంటులో?”

రూబీకి ఒళ్లు మండింది. “రేపు ఆరాధన అవ్వగానే నాన్నకి చెప్పేస్తా, ఈ సంబంధం వద్దని.”

అతని నవ్వు ఆరిపోయింది. ఏదో చెప్పబోయి, కృపమ్మ వంక చూసి మానుకున్నాడు. “మీ ఇష్టమండి,” అన్నాడు.

మర్నాడు, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధన. ఐదో మాటకి పాట రూబీది. తెల్లచీర కట్టుకుని చర్చి వరండాలో ఉండగా అజయ్ ఫోన్ చేశాడు.

“రూబీ గారూ, కోప్పడండి, పెట్టేయకండి. మా వాళ్లతో నేనే వద్దన్నానని చెప్పడానికి రేపల్లె వెళ్లాను. మీ మీదికి మాట రాకూడదని. తిరిగొస్తుంటే వేమూరు దగ్గర రైలు ఆగిపోయింది. కృపమ్మ గారు పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని ఉంటారు, తినకపోతే ప్రమాదం. ఎదురుగా ఎవరైనా తింటేగానీ ఆవిడ తినరండి.”

“అదేం పంతం?”

“ఆవిడ కొడుకు తినకుండా ఫ్రెండ్స్‌తో సూర్యలంక వెళ్లాడు. సముద్రం తీసుకుపోయింది. అప్పట్నుంచీ అంతే. ఇవాళ మన సంఘంలో తినేవాళ్లెవరండీ? తోచక మీకు చేశాను.”

రూబీ పాటల పుస్తకం అక్కడే వదిలేసి పరుగెత్తింది.

కృపమ్మ గోడకి చేరగిలబడి ఉంది. నుదుటి మీద చెమట, చేతుల్లో వణుకు. వండిన గిన్నెలు మూతలతో పక్కనే ఉన్నాయి. పంచదార నీళ్లు ఇస్తే పెదవి విప్పలేదు.

“నువ్వు తిన్నావా తల్లీ?”

“తిన్నాను మామ్మా.”

చూపు ఆనని ఆ ముసలావిడ చెయ్యి చాచి రూబీ పెదాలు తడిమింది. “ఎండిపోయి ఉన్నాయే. వాడూ ఇలాగే చెప్పి వెళ్లాడు, తిన్నానమ్మా అని.”

ఊహ తెలిసినప్పటి నుంచి రూబీ గుడ్ ఫ్రైడే ఉపవాసం తప్పలేదు. ఇంతలో చర్చి మైకులో పాస్టరు గారు ఐదో మాట దగ్గరికొచ్చారు. అది దాహం గురించిన మాట. ఆ తర్వాత మైకు నిశ్శబ్దమైపోయింది. అక్కడ అందరూ ఆమె పాట కోసం ఎదురుచూస్తున్నారు. ఇక్కడ ఎండిన నోటితో ఒక మనిషి ఆమె కోసం ఎదురుచూస్తోంది.

రూబీ అన్నంలో పప్పు కలిపి, కృపమ్మ చేతిని తన చెంపకి ఆనించుకుని నమిలింది.

కృపమ్మ నోరు తెరిచింది.

ఒక ముద్ద తను, ఒక ముద్ద ఆవిడకి. ఆ గదిలో తామిద్దరే లేరని, మూడోవారెవరో వచ్చి పక్కనే కూర్చున్నారని రూబీకి గట్టిగా అనిపించింది. ఎన్ని ఆరాధనల్లో పాడినా ప్రభువు ఇంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు.

“రూబీ!”

గుమ్మంలో, కూతుర్ని వెతుక్కుంటూ వచ్చిన ప్రకాశం గారు. “ఇవాళా? నువ్వా?”

“నేను తినకపోతే ఈవిడ తినరు నాన్నా. అజయ్ రోజూ తింటున్నదీ ఇందుకే. నిన్న అతన్ని తిట్టి, ఈ సంబంధం వద్దనేశాను.” ఆమెకి ఏడుపొచ్చింది.

“ఎవరూ, ప్రకాశమా?” కృపమ్మ తల తిప్పింది. “ఎండన పడి వచ్చావు. తిన్నావా నాయనా?”

సంఘానికి తీర్మానాలు చదివే మనిషికి, ఈ వీధిలో ఇన్నేళ్లుగా నడుస్తూ ఈ గుమ్మం ఎక్కలేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చెప్పులు విడిచి వచ్చి కింద కూర్చుని, “నాకూ పెట్టమ్మా,” అన్నారు.

చెమటలు కక్కుతూ వచ్చిన అజయ్ బాబు ఆ ముగ్గురినీ చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

“మీ వాళ్లకి ఫోన్ చెయ్యి బాబూ,” ప్రకాశం గారు గొంతు సవరించుకున్నారు. “ఈస్టరు ఆరాధన అయ్యాక మేం రేపల్లె వస్తున్నామని చెప్పు.”

అజయ్ రూబీ వైపు చూశాడు. “మీకు ఇష్టమేనా అండి?”

“ఇష్టమేనండి. చాలా.” కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. “తిన్నారా?”

“లేదండి.”

“అబద్ధం చెప్పరుగా మీరు,” అంటూ రూబీ పెద్ద ముద్ద కలిపి అతని చేతిలో పెట్టింది. ప్రకాశం గారు గోడ మీది కేలండరు కేసి శ్రద్ధగా చూశారు.