బ్రహ్మయ్య నడుము

ఆళ్లగడ్డలో ఉమామహేశ్వరమ్మ మాటకు ఇంటా బయటా ఎదురుండదు. ఆ ఉదయం ఆమె పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో పసుపూ కుంకుమా సర్దుకుని వాకిట్లోకి వచ్చేసరికి భర్త బ్రహ్మయ్య ఆచారి తీరిగ్గా సైకిలు తుడుస్తున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. రెండు వీధుల అవతల తమ్ముడి గృహప్రవేశం. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి ఆవు వెనకాల అందరూ దేవుడి పటాలు పట్టుకుని నడిచి వెళ్లాలి. ఇంటి పెద్దల్లుడు సైకిలెక్కి వస్తే నలుగురూ నవ్విపోరా?

పోయిన మాఘమాసంలో మేనకోడలి పెళ్లిలోనూ ఇదే వరస. ఊరేగింపు సగంలో ఆయన కాళ్లు నొప్పంటూ ఒక కొట్టు అరుగు మీద చతికిలబడ్డాడు. మీ ఆయనకు మేమంటే లెక్కలేదని మరదళ్లు దెప్పిపొడిచారు. అదే మనిషి రోజూ మూడు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ శిల్పశాలకు పోతాడు, పొద్దుగూకేదాకా వంగి కూర్చుని రాయి చెక్కుతాడు. నలభై ఏళ్లుగా దేవుళ్లను చెక్కీ చెక్కీ ఈయనకు గీర ఎక్కువైందని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

"సైకిల్ తొక్కే కాళ్లకు నడిచేకి నొప్పొచ్చిందా? అబద్ధాలాడతాండావ్. నా పుట్టింటోళ్లంటే నీకు చులకన," అని మొహం మీదే అనేసింది.

ఆయన సైకిలు గోడకు ఆనించి ఆమె వెంట నడిచాడు. మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూస్తే, నడివీధిలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయి ఉన్నాడు. మొహమంతా చెమట.

"కాళ్లు మొద్దుబారతాండాయి. కాసేపు వంగితే సర్దుకుంటాది."

"మరి సైకిలెట్ల తొక్కుతాండావ్?"

"అదే నాకూ తెలీడంల్యా. నన్ను నేనే నమ్మలేకపోతి, నీకేం చెప్పేది?"

ఆమె కోపం సగమే దిగింది. గృహప్రవేశం అయ్యాక నంద్యాలలో లారీల షెడ్డు నడిపే కొడుకు శ్రీకాంత్‌కు ఫోను చేస్తే, అతను ఇద్దరినీ అక్కడే ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. సైకిలు సంగతి ఆమె రెండోసారి గుచ్చి గుచ్చి అడుగుతుంటే, ఇక మనిషి దొరికిపోయాడనుకుంది ఉమామహేశ్వరమ్మ. డాక్టరమ్మ మాత్రం నవ్వి, ఈ జబ్బున్నవాళ్లు చాలామంది అంతేనంది. స్కానింగ్ తీయించి విడమరిచి చెప్పింది. నడుము ఎముకల మధ్య నరాలు వెళ్లే దారి ఇరుకైపోయింది. నిటారుగా నిలబడి నడిస్తే ఇంకా బిగుసుకుంటుంది, ముందుకు వంగితే కాస్త వదులవుతుంది. అందుకే సైకిలు మీదా, రాయి ముందూ ఆయనకు బాధ తెలియలేదు. ఉమామహేశ్వరమ్మ తల దించుకుంది. మళ్లీ ఆళ్లగడ్డ చేరేదాకా ఎత్తలేదు.

మాత్రలు, వ్యాయామాలు, నడుములోకి సూది, మూడు నెలల్లో అన్నీ అయ్యాయి. రెండు వందల అడుగులు నడిచే మనిషి యాభైకి వచ్చాడు. ఇక ఆపరేషనే మేలంది డాక్టరమ్మ. దారులు రెండు. నరాలను నొక్కుతున్న ఎముకనూ, మందమైన పొరనూ వెనక నుంచి కొంత తీసెయ్యడం ఒకటి. ఎముకలు ముందుకు జారుతుంటే తీశాక స్క్రూలు, కడ్డీలు వేసి బిగించడం రెండోది. ఏది కావాలో వంగినప్పుడూ నిలబడ్డప్పుడూ తీసిన ఎక్స్‌రేలు చూసి చెబుతానంది.

ఆ ఎక్స్‌రేలు వచ్చేలోపే నంద్యాలలో కొడుకు ఇంట్లో తండ్రీకొడుకులే డాక్టర్లయిపోయారు. ఎవరి పనిని బట్టి వాళ్ల వైద్యం. బోల్టు పడనిదే ఏదీ గట్టిగా నిలవదని శ్రీకాంత్ పట్టు. ఉయ్యాలవాడలో ఎవరికో కడ్డీలు వేస్తే గుర్రంలా తిరుగుతున్నాడట. అడ్డమున్నది తీస్తే చాలని, బిగిస్తే వంగి ఉలి పట్టడం కుదరదని బ్రహ్మయ్య మొండికేశాడు.

"నాయనా, అది రాయి కాదు, మనిషి నడుము."

"నీ లారీ గూడా కాదురా."

అన్నం పళ్లాల ముందు ఇద్దరూ లేచి నిలబడ్డారు. నిలబడలేక బ్రహ్మయ్య గోడ పట్టుకున్నాడు. అసలు ఆపరేషనే వద్దు, పని చెయ్యలేని బతుకు నాకక్కర్లేదన్నాడు. ఆ మాట విని ఉమామహేశ్వరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, రేపు డాక్టరమ్మ ఏది చెబితే అదేనని, అప్పటిదాకా నోరెత్తితే తను అన్నం ముట్టనని తేల్చి చెప్పింది.

ఎముకలు జారలేదు. స్క్రూలు అవసరం లేదంది డాక్టరమ్మ. నడక మెరుగవ్వచ్చు గానీ మొద్దుబారడం పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనని, ముందు ముందు మళ్లీ ఇబ్బంది వచ్చినా రావచ్చని దాచకుండా చెప్పింది. కోలుకున్నాక వంగి పని చేసుకోవచ్చు, బరువులు మాత్రం ఎత్తకూడదు.

బ్రహ్మయ్య టేబుల్ మీదున్న ప్లాస్టిక్ ఎముకల బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. ఉలి పెట్టే ముందు రాయి మీద ఎర్రగీత గీసుకుని, ఆ గీత దాటి ఒక్క పెచ్చు లేపకుండా పని చేసిన మనిషి.

"గీత యాడిదాకమ్మా?"

డాక్టరమ్మ పెన్ను తీసి బొమ్మ మీదే గీసి చూపించింది. ఆయన గీత వెంట బొటనవేలు పోనిచ్చి, రెండువైపులా మిగిలే ఎముక మందం చూసుకున్నాడు. "పక్కన బలం మిగుల్తాంది. కానీమ్మా," అన్నాడు. ఇప్పటిదాకా తనను ఇంత సూటిగా అడిగిన మనిషి లేడంది డాక్టరమ్మ. ఉమామహేశ్వరమ్మకు ఛాతీ ఉప్పొంగింది. బోల్టుల శ్రీకాంత్ కూడా తండ్రి చేతిని చూస్తూ ఉండిపోయాడు.

ఆపరేషనైన మర్నాడే నడిపించారు. కుట్ల నొప్పికి పళ్లు బిగబట్టి బ్రహ్మయ్య వార్డు ఆ చివరికి వెళ్లాడు. వంగలేదు. ఎక్కడా ఆగలేదు. పక్కన నడుస్తున్న ఉమామహేశ్వరమ్మ ఆయన మొహం చూడబోతే తల పైకెత్తాల్సి వచ్చింది. ఏడాదిగా వంగి నడిచే మనిషికి అలవాటుపడి, ఆయన తనకంటే జానెడు పొడుగన్న సంగతే మరిచిపోయింది.

"నిన్ను అబద్ధాలకోరువంటిని," అంది.

"నువ్వట్లంటే గదా నేను నడిచి చూపించింది. లేకుంటే ఇంగా దాచిపెడ్తాంటి," అన్నాడాయన.

ఇంతలో నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు కూర్చోమంది. ఉమామహేశ్వరమ్మ కళ్లు తుడుచుకుని, వార్డంతా వినబడేలా చెప్పింది.

"అది ఇంకెవరికన్నా ఇయ్యి తల్లీ. మా ఆయన నడిచే వస్తాడు."